హాలు అందంగానే ఉంది, మాటే అర్థం కాదు

నగరంలో కొత్తగా కట్టిన కమ్యూనిటీ హాళ్లలో చాలావాటిది ఒకటే తీరు. తళతళలాడే గ్రానైట్ నేల, అద్దాల గోడలు, పైన బోడి స్లాబు. డెబ్బై దాటినవారు అక్కడ కూర్చుంటే మైకులో మాట గోడలకు కొట్టుకుని కలగాపులగమై చెవిన పడుతుంది. కిటికీ వెలుగు నేల మీంచి కళ్లలోకి కొడుతుంది. రెండుమూడు మీటింగులు చూసి, 'మీరు వెళ్లిరండి' అని ఇంట్లోనే ఉండిపోతారు. దాన్ని వయసు ఖాతాలో రాసేస్తున్నాం. తప్పు చాలావరకు కట్టడానిది.

వయసు మీదపడ్డాక ముందుగా వినిపించకుండా పోయేవి కీచుగా ఉండే (హై పిచ్) సన్నటి ధ్వనులు. స, త, క లాంటి హల్లులు జారిపోతాయి. 'వినపడుతోంది గానీ ఏమంటున్నారో తెలియట్లేదు' అని పెద్దవాళ్లు అనేది అందుకే. అరిచి చెప్పినా లాభం లేదు. చెవి తగ్గినవారు ఎదుటివారి పెదవులు చూసి మాటను పూరించుకుంటారు. శుక్లాలో గ్లకోమానో వచ్చి చూపు కూడా మసకబారితే ఆ ఆసరా పోతుంది.

చేయాల్సినవి పెద్ద ఖర్చువేమీ కావు. ఒకే రంగు గ్రానైట్ మెట్లలో ఏ మెట్టు ఎక్కడ ముగిసిందో మసక కంటికి తెలియదు, చివరి మెట్టు దగ్గరే కాలు తడబడుతుంది. అంచుకు పసుపు పట్టీ వేస్తే చాలు. మాట్లాడేవారి వెనక కిటికీ ఉండకూడదు, వెలుగు ముఖం మీద పడాలి. ఒకరి ముఖం ఒకరికి కనిపించేలా కుర్చీలు గుండ్రంగా వేయడానికి పైసా ఖర్చు లేదు. మందపాటి కర్టెన్లు, సీలింగుకు ధ్వనిని పీల్చే పలకలు ఉంటే మార్మోత తగ్గుతుంది. నేల చుట్టూ హియరింగ్ లూప్ తీగ వేస్తే, టెలికాయిల్ (ఆ తీగ పంపే సంకేతాన్ని అందుకునే చిన్న తీగచుట్ట) ఉన్న వినికిడి యంత్రానికి మైకు మాట నేరుగా అందుతుంది.

చట్టం లేక కాదు. అందరికీ అనువైన ప్రమాణాలు పాటించని భవనానికి నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రమే ఇవ్వకూడదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ చెబుతోంది. ఆ ప్రమాణాల నిబంధన ఉత్త సూచనలా మిగిలిందని తప్పుపట్టి, తప్పనిసరి నియమాలు మూడు నెలల్లో తేవాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు ముందుకొచ్చిన నివేదిక మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం తయారుచేసిందే.

నగరపాలక సంస్థ ఇంజినీర్లు ర్యాంపు చూసి టిక్కు పెట్టి వెళ్లిపోతే కుదరదు. భవనాన్ని వాడుకోవచ్చనే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఆ కాలనీ పెద్దలను ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకెళ్లి వెనక వరుసలో కూర్చోబెట్టాలి. మైకులో నాలుగు మాటలు చెప్పించి, ఏం వినపడిందో వాళ్లనే అడగాలి.