మన స్పెషాలిటీ ఒక్కటేనండీ

నాణేలు సేకరించేవాళ్లు ఇద్దరు కలిస్తే కుశల ప్రశ్నలతో కాలయాపన చేయరు. "మీ స్పెషాలిటీ ఏమిటండీ?" అన్న ఒక్క ప్రశ్నతో ఎదుటివాడి ఆదాయం, ఓపిక, ఇంట్లో అతనికున్న పలుకుబడి అన్నీ తేలిపోతాయి. "నిజాం బంగారు అష్రఫీలు" అన్నాడంటే ఎక్కడో ప్లాటు అమ్మేశాడని అర్థం. "శాతవాహనుల సీసం నాణేలు" అంటే కళ్లు బాగా కనిపిస్తున్నాయని, లేదా ఇక కనిపించకపోయినా ఫర్వాలేదనుకున్నాడని. "రిపబ్లిక్ ఇండియా, టంకసాలల వారీగా" అంటే నెలజీతం మనిషి. "నేను అన్నీ సేకరిస్తానండీ" అన్నవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనరు. టీ ఇప్పించి, భుజం తట్టి పంపించేస్తారు.

కాబట్టి ఈ రంగంలో పైకి రాదలచినవాడు ముందుగా ఒక స్పెషాలిటీ ప్రకటించాలి. ప్రకటించాలి అన్నాను గానీ పాటించాలి అనలేదు. నిశితంగా పరిశీలిస్తే స్పెషాలిటీ అనేది కొనకూడనివాటి జాబితా. కొన్నాళ్ల తర్వాత ఆ మనిషి బీరువా తెరిచి చూడండి, జాబితాలోవే ఎక్కువ కనబడతాయి.

ఎంచుకునే పద్ధతి గురించి పెద్దలు చెప్పేది చక్కగానే ఉంటుంది. ఏ కాలం చరిత్ర మీద మక్కువ ఉందో చూసుకో, దాని గురించి నాలుగు పుస్తకాలు చదువు, జేబు తడుముకో, ఆ తర్వాతే నాణెం కొను. ఆచరణలో ఈ మెట్లన్నీ పైనుంచి కిందికి దిగుతారు. హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో గుడ్డ మీద పోసిన కుప్పలోంచి ఏదో నాణెం చేతికొస్తుంది. బేరం కుదురుతుంది. ఇంటికెళ్లాక జేబు తడుముకుంటారు. ఆపైన పుస్తకం తెరిచి కొన్నదేమిటో తెలుసుకుంటారు. ఆ కాలం చరిత్రంటే తనకు చిన్నప్పట్నుంచీ ప్రాణమన్న సంగతి అన్నిటికన్నా చివర గుర్తొస్తుంది.

అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ మనశ్శాంతి పోగొట్టుకోవాలంటే రిపబ్లిక్ ఇండియాను మించిన శాఖ లేదు. రాజుగారి తల పోయి అశోకుడి సింహాలు వచ్చిన 1950 నాణేలతో మొదలు. 1957 ఏప్రిల్ 1న అణాల లెక్క పోయి రూపాయికి వంద నయా పైసలయ్యాయి. ఆరు మూలల మూడు పైసలు, చదరపు అయిదు పైసలు, అంచు వంకీలు తిరిగిన పది పైసలు... ఇంతవరకూ సంసారపక్షంగానే నడుస్తుంది. ఆ దశలో ఎవరో అనుభవజ్ఞుడు చెవిలో ఊదుతాడు, "తేదీ కింద చూశారా?" అని. ఆ రోజుతో నిద్ర సరి. అంకె కింద డైమండ్ గుర్తుంటే ముంబయి, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. నిన్నటిదాకా ఒకటే అనుకున్న రూపాయి పొద్దున్నకి నాలుగైంది. పోనీ నాలుగుతో ఆగుతుందా? మన టంకసాలలకు చేతులు చాలని రోజుల్లో పరదేశాల్లో కొట్టించినవి ఉన్నాయి. 1985లో బర్మింగ్‌హామ్ హీటన్ టంకసాల వాళ్ల రూపాయి ఒకటి, తొంభైల చివర్లో ప్రిటోరియావి, మెక్సికోవి, మాస్కోవి. మన చిల్లర మనకన్నా ఎక్కువ దేశాలు తిరిగొచ్చింది.

ఈ శాఖవాణ్ణి గుర్తుపట్టాలంటే కిరాణా కొట్టు దగ్గర నిలబడితే చాలు. చిల్లర అందుకున్నాక అందరిలా జేబులో వేసుకోడు. కౌంటర్ చివరికి జరిగి, ఫోన్ టార్చి వేసి, రెండు రూపాయల బిళ్ల మీద తేదీ కింద పేరుకున్న మురికిని బొటనవేలి గోరుతో గీకుతాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, నాణేన్ని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుంటాడు. వెనక నూనె ప్యాకెట్ పట్టుకున్న పెద్దావిడ నిట్టూరుస్తుంది. కొట్టాయనకు అనుమానం.

"ఏంటి సార్, దొంగ బిళ్లలా?"

"కాదు బాబూ, నోయిడావి. హైదరాబాద్‌వి ఉంటే మార్చి ఇస్తావా?"

పది రూపాయల బిళ్ల చెల్లదన్న పుకారు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంత గట్టిదో తెలిసిందే. దాన్ని అణచడానికి 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు, అప్పటిదాకా వచ్చిన 14 డిజైన్లూ చెల్లుతాయని ప్రకటించాల్సి వచ్చింది. జనానికి అది భరోసా. మనవాడికి అది చెక్‌లిస్టు. బస్సులో కండక్టరూ ప్రయాణికుడూ ఒకరి మీదికొకరు తోసుకునే బిళ్లను చేయి చాచి మరీ పుచ్చుకునే మనిషి కనబడితే దణ్ణం పెట్టండి, పన్నెండో డిజైన్ దగ్గర ఆగిపోయి ఉంటాడు పాపం.

బ్రిటిష్ ఇండియా శాఖ పండితులది. ఇక్కడ నాణెం ఎంత అందంగా ఉందని అడిగితే పరువు పోతుంది. 1862 అని అచ్చు వేసిన విక్టోరియా రూపాయిని 1874 దాకా అదే తేదీతో కొడుతూ పోయారు. ఏది ఏ ఏడాదిదో తేల్చడానికి పండితులు దాని మీది చుక్కలు లెక్కపెడతారు. పైన ఎన్ని, కింద ఎన్ని, పువ్వు పక్కన ఒకటా రెండా. 1840 రూపాయిలో అయితే వెనకవైపున్న ఆకుల దండలో పళ్లు లెక్కించాలి. 34 ఉంటే ఒక రకం, 35 ఉంటే మరో రకం. ఇంట్లో బియ్యం నిండుకున్న సంగతి తెలియని మనుషులు ఆ ముప్పై అయిదో పండు కోసం భూతద్దం కింద రాత్రి రెండు దాకా కూర్చున్న దాఖలాలున్నాయి. ఆ పండు నిజంగా పండేనా, ఎవరో గీసిన గీతా అన్నదాని మీద మాటలు మానేసినవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ 1911 రూపాయి మీద ఒక రకమైన భక్తి. అందులో అయిదో జార్జి అంగరఖా మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవ లేచింది. చాలా నాణేలు వెనక్కి తెప్పించి కరిగించారు. 1912లో ఏనుగును దిద్ది మళ్లీ వదిలారు. ఏలేవాళ్లు ఏనుగును సరిగ్గా గీయలేకపోవడం వల్ల వందేళ్లకు పైగా మనవాళ్లకు ఉపాధి దొరికిందన్నమాట.

నిజాం శాఖకు హైదరాబాద్‌లో ఉండే దర్జా వేరు. ఒకప్పుడు ఏడు హాలీ రూపాయలకు, అంటే నిజాం సొంత రూపాయలకు, ఆరు ఇంగ్లీషు రూపాయలు వచ్చేవని, ఆ సిక్కా 1959 దాకా బతికిందని వీళ్లు స్వయంగా మారకం చేసినట్టే చెబుతారు. మహబూబ్ అలీ ఖాన్ రూపాయి మీద చార్మినార్ ద్వారంలో ఆయన పేరు మొదటి ఉర్దూ అక్షరం 'మీమ్' ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక అక్కడికి 'అయిన్' వచ్చింది. బయటివాళ్లకు కథ అక్కడితో సరి. లోపలివాళ్లకు అసలు కథ అక్కడే మొదలు. ఆ అయిన్ కురచదా, నిండుదా? ఉర్దూ ఒక్క ముక్క చదవలేని మా పరిచయస్తుడొకాయన ఆ ఒక్క అక్షరం మీద గంటసేపు ఉపన్యసించగలడు. మిగతా అక్షరాలు ఆయన స్పెషాలిటీ కాదు. 1903 నాటి సైఫాబాద్ టంకసాల ఇప్పుడు మ్యూజియం అయింది. అక్కడికి చుట్టాలను తీసుకెళ్లి, యంత్రాల గది దగ్గర వాళ్లను మరిచిపోయి వచ్చేసే రకం ఈయన.

పాత నాణేలు దొరికిన కోటిలింగాల, పెద్దబంకూరు పేర్లు చెబితే కళ్లు చెమర్చే శాతవాహన శాఖ గురించి ఎక్కువ చెప్పను. వీళ్ల నాణేల మీద ఏముందో వీళ్లు చెబితే తప్ప కనబడదు. ఏనుగు అంటారు, చూస్తే సీసపు ముద్ద. ఉజ్జయిని గుర్తు అంటారు, నమ్మాలి. ఓడ అన్నప్పుడు మాత్రం తెరచాప కనిపించినట్టే ఉంటుంది. వీళ్లకు చట్టాలు కంఠతా వచ్చు. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం. ఆ పది రూపాయల్లో ఇవాళ ఒక టీ వస్తుంది. అందుకే వీళ్ల దగ్గరున్న ప్రతి నాణెమూ ఎవరో తాతగారి భోషాణంలోంచి వచ్చిందే. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో అన్ని భోషాణాలు ఉండేవా అని అడగడం మర్యాద కాదు.

స్పెషాలిటీ తేలింది. మరి మిగతావి, అంటే పక్క సెట్లు?

సేకరణలో అసలైన ప్రతిభంతా ఇక్కడే బయటపడుతుంది. అమ్మేయాలన్నది సిద్ధాంతం. ఎవరూ అమ్మరు, పేరు మారుస్తారంతే. పాత రిపబ్లిక్ ఆల్బమ్ "పిల్లల కోసం" అవుతుంది. పిల్లలు తాకబోతే చేతి మీద ఒక్కటి పడుతుంది. బ్రిటిష్ రాగి కాణీలు "మార్పిడికి" అవుతాయి. ఎవరైనా మార్పిడికి అడిగితే "ఇప్పుడే కాదు లెండి" అంటారు. యుద్ధకాలపు చిల్లు కాణీలు దారానికి గుచ్చి గోడకు వేలాడదీస్తే "అలంకరణ". ఏ పేరూ కుదరనివి "రిఫరెన్స్". ఈ చివరి మాట కనిపెట్టినవాడికి సన్మానం చేయాలి. దాని నీడలో మూడు అట్టపెట్టెలు, ఒక బిస్కెట్ల డబ్బా హాయిగా బతికేస్తున్నాయి.

విదేశీ నాణేలది మరో తీరు. వాటిని ఎవరూ కొనరు, అవే వస్తాయి. దుబాయ్ నుంచి బావమరిది జేబులో మిగిలిన దిర్హాములు ఇచ్చిపోతాడు. డల్లాస్‌లో కొడుకున్నవాడి పరిస్థితి ఇంకా విషమం. అమెరికావాళ్లు 1999 నుంచి 2008 దాకా ఏడాదికి అయిదు చొప్పున యాభై రాష్ట్రాలకు యాభై పావలాలు తెచ్చారు. కొడుకు ప్రేమగా యాభై పోగుచేసి తెస్తాడు. తండ్రి వాటిని తిప్పి చూసి, కొన్నిటి మీద 'పీ', కొన్నిటి మీద 'డీ' ఉందని, అంటే ఫిలడెల్ఫియాది ఒక సెట్టు, డెన్వర్‌ది ఒక సెట్టు కావాలని, యాభై కాదు వంద అని వివరిస్తాడు. కొడుకు వచ్చే ఏడు బదులుగా చొక్కాలు తెస్తాడు. నాన్నగారి గుర్తుగా ఒక మహబూబ్ రూపాయి పట్టుకెళ్దామన్నా కుదరదు. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటకూడదు. అక్కణ్ణుంచి ఇక్కడికి రావడమే తప్ప ఇక్కణ్ణుంచి అక్కడికి పోవడం లేని రాకపోకలు ఇవి.

ఇంట్లోవాళ్లు కూడా తమ వంతు వర్గీకరణ చేస్తుంటారు. ఒకాయన ఇల్లాలు వరలక్ష్మీ వ్రతం ముందురోజు వెండి రూపాయలు కావాలంటే, ఆయన పెద్దమనసుతో "పక్క సెట్టులోంచి తీసుకో" అన్నాడట. ఆవిడ తీసుకుంది. నల్లగా ఉన్నాయని చింతపండు పట్టించి, ముగ్గుపిండి వేసి, కొబ్బరిపీచుతో తళతళలాడేలా తోమింది. నూట యాభై ఏళ్లుగా పట్టిన నీలి, ఊదా రంగుల పొర కుళాయి నీళ్లతో తూములోకి పోయింది. దాని కోసమే అవతలివాడు రెట్టింపు ధర ఇస్తానన్నాడని చెప్పబోయి, ఆ ధర సంగతి ఇంట్లో ఎన్నడూ చెప్పలేదని గుర్తొచ్చి ఆయన నోరు మూసుకున్నాడు. "చూశారా, కొత్తవాటిలా అయ్యాయి!" అని ఆవిడ సంబరం. ఇప్పుడవి "పూజ సెట్టు".

ఎంత నిష్ఠాపరుడికైనా మినహాయింపులు ఉంటాయి. 2023 ఆగస్టులో రాష్ట్రపతి భవన్‌లో ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం విడుదలైనప్పుడు నిజాం శాఖ, శాతవాహన శాఖ, చుక్కల శాఖ ఏకమై ఎగబడ్డాయి. "నాది ఈ లైను కాదండీ, కానీ అన్నగారు కదా! పైగా మన హైదరాబాద్ టంకసాలలో కొట్టింది." ఒకటి సరిపోదా అంటే, ఒకటి దాచడానికి, ఒకటి చూడటానికి, ఒకటి ఎవరైనా అడిగితే లేదని చెప్పడానికి.

ఈ మధ్య ఇద్దరు మిత్రులు ధైర్యం చేశారు. ఒకాయన స్పెషాలిటీ నిజాం, పక్క సెట్టు రిపబ్లిక్. రెండో ఆయనది సరిగ్గా తిరగేసి. ఒకరి పక్క సెట్టు మరొకరికి ఇచ్చేసుకుంటే ఇద్దరూ శుద్ధ స్పెషలిస్టులైపోతారు. ఇంత తేలికైన లెక్క ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో అనుకుంటూ ఆల్బమ్‌లు టేబుల్ మీద పరిచారు. మొదటాయన ఒక నెహ్రూ అర్ధరూపాయిని వెనక్కి లాక్కున్నాడు, హిందీ అక్షరాలది, వాళ్ల నాన్న ఇచ్చిందట. అయితే నేనూ ఈ కురచ అయిన్ ఇవ్వనని రెండో ఆయన. సాయంత్రానికి ఇద్దరూ మార్చుకున్నవి డూప్లికేట్లు మాత్రమే. దాంతో ఇద్దరి పక్క సెట్లూ ఇంకాస్త బలిశాయి.

మాట మీద నిలబడాలంటే రాతకోతలు ఉండాలని, మిగతాది కాగితం మీద పెడదామని అనుకున్నారు. మొదటాయన సొరుగు వెతికి, నిజాం కాలంనాటి ఖాళీ స్టాంపు కాగితం ఒకటి తీశాడు. రెండో ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. నీటిగుర్తు ఉంది. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగాడు. ఒప్పందం ఇంకా రాయలేదు. కాగితం ఎవరిదో ముందు తేలాలి.