బరువు దిగింది సరే, ఎల్‌డీఎల్ సంగతి?

బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీకి సిద్ధపడేవారికి బరువుతో పాటు ఇంకో ఆశ కూడా ఉంటుంది. రోజూ మింగే మాత్రలు తగ్గుతాయని. బీపీ, షుగర్ మాత్రల విషయంలో ఆ ఆశ చాలామందికి నెరవేరుతుంది. కొలెస్ట్రాల్ మాత్ర దగ్గర మాత్రం తొందరపడొద్దని మా మాట.

పొట్టలో మూడొంతులకు పైగా తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చే స్లీవ్ సర్జరీనే తీసుకుందాం. ప్రపంచంలో ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నది ఇదే. ఏడాది తర్వాత రక్తపరీక్ష చేయిస్తే ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు 240 నుంచి 130కి దిగొచ్చు, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36 నుంచి 47కి చేరొచ్చు. ఇంట్లోవాళ్లకు సంబరం. కానీ అదే కాగితంలో చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 138 దగ్గర్నుంచి 132కి వచ్చి ఆగిపోతే? ఇవి ఉదాహరణకు చెప్పిన అంకెలే గానీ ఈ తీరు మామూలే. రక్తనాళాల గోడల్లో పేరుకుని గుండెపోటు తెచ్చేది ప్రధానంగా ఆ ఎల్‌డీఎల్లే.

బరువు తగ్గించే మరో సర్జరీ అయిన గ్యాస్ట్రిక్ బైపాస్‌లో కథ వేరు. ఆహారం చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా దాటిపోతుంది కాబట్టి కొలెస్ట్రాల్‌ను పీల్చుకోవడం తగ్గుతుంది, ఎల్‌డీఎల్ కూడా దిగుతుంది. పేగుకీ కొలెస్ట్రాల్‌కీ ఉన్న ఈ లింకు కొత్తగా కనిపెట్టిందేం కాదు. అమెరికాలో సర్జన్ హెన్రీ బుక్వాల్డ్ బృందం బరువుతో నిమిత్తం లేకుండా, కేవలం కొలెస్ట్రాల్ కోసమే చిన్నపేగు చివరి భాగాన్ని బైపాస్ చేసింది. అంతకుముందే ఒకసారి గుండెపోటు వచ్చిన 838 మందిపై చేసిన ఆ అధ్యయనం ఫలితాలు 1990లో వచ్చాయి. సర్జరీ జరిగినవారిలో ఎల్‌డీఎల్ 38 శాతం తక్కువగా ఉంది. గుండె జబ్బు మరణాలు, మళ్లీ వచ్చిన గుండెపోట్లు కలిపి చూస్తే 35 శాతం తగ్గాయి. కానీ అప్పటికే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వచ్చేశాయి, ఒక మాత్రతో అయ్యే పనికి పేగు కోయించుకునేదెవరు?

అలాగని స్లీవ్ వల్ల గుండెకు లాభం లేదనుకుంటే అది ఇంకో పొరపాటు. బీపీ దిగుతుంది, షుగర్ అదుపులోకొస్తుంది, గురకతో ఊపిరి ఆగిపోయే ఇబ్బంది తగ్గుతుంది. వీటన్నిటి బరువూ గుండె మీదే పడుతుంటుంది మరి. స్వీడన్‌లో 1987లో మొదలై, సర్జరీ చేయించుకున్న, చేయించుకోని నాలుగు వేల మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, సర్జరీ అయినవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే ముప్పు దాదాపు సగమే. ఎవరికి సర్జరీ చేయాలన్నది లాటరీ తీసినట్టు నిర్ణయించిన అధ్యయనం కాదది. అందుకే ఆ అంకెను కాస్త ఆచితూచి చదవాలి. అయినా అందులో ఒక సంగతి మమ్మల్ని ఆపి ఆలోచింపజేసింది. ఎక్కువ మేలు పొందింది ఎక్కువ బరువున్నవారు కాదు, సర్జరీకి ముందు రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నవారు. మరి సర్జరీ ఎవరికి అవసరమో తేల్చడానికి ఇంకా బరువు కాటానే ముందుపెట్టుకుని కూర్చోవడం ఎందుకు?

ఈ సర్జరీని అందం ఖాతాలోంచి తీసి గుండె వైద్యం ఖాతాలో రాయాలి. ఏ రకం సర్జరీ అన్నది ఖాయం చేసే ముందే సర్జన్, గుండె డాక్టర్ కలిసి రోగి కొలెస్ట్రాల్, కొవ్వుల లెక్క చెప్పే లిపిడ్ రిపోర్టు చూడాలి. ఎల్‌డీఎల్ బాగా ఎక్కువున్న మనిషికి స్లీవా, బైపాసా అన్న చర్చ రోగి ముందే జరగాలి. బైపాస్‌కు కూడా దాని రిస్కులున్నాయి, ఐరన్, బీ12 లోపాలు వెంటాడతాయి, అదీ చెప్పాలి. ఇదివరకే గుండెపోటు వచ్చినవారు ఎంత సన్నబడినా, రిపోర్టు ఎంత బాగున్నా స్టాటిన్‌ను సొంతంగా ఆపకూడదు. ఆ మాత్ర కొనసాగించాలా వద్దా, ఎప్పుడు పరీక్ష చేయించాలి, ఏ డాక్టర్ చూస్తారు అన్నవి డిశ్చార్జి కాగితం మీదే రాసివ్వమని ఆస్పత్రులను కోరుతున్నాం.