సింగిల్ మాల్ట్ గారికి, పిల్ల తరఫు వాళ్లు రాయునది

మహారాజశ్రీ స్కాచ్ సింగిల్ మాల్ట్ గారికి,

మొన్న శనివారం ఎడిన్‌బరాలో ఒక విస్కీ షాపులో మీ ముందు నలభై నిమిషాలు నిలబడి, ఏమీ కొనకుండా వెళ్లిపోయిన మనిషిని నేనే. మీరేమో గోడ నిండా ఉన్నారు. నేనొక్కణ్ణే.

తప్పు మా బాబాయిది. వచ్చే వారం రాజమండ్రి వస్తున్నానని చెప్పగానే ఫోన్‌లో గొంతు తగ్గించి, "ఒరేయ్, వచ్చేటప్పుడు సింగిల్ మాల్ట్ ఒకటి పట్రా. బ్లెండు మాత్రం తేకు" అన్నాడు. బ్లెండు అంటే వేర్వేరు డిస్టిలరీల విస్కీలు కలిపినదట. ఆయన తాగేదాంట్లో సోడా రుచి తప్ప ఇంకేదీ తెలిసే అవకాశం లేదు. నేను అంతకన్నా అమాయకుణ్ణి. ఆఫీసు పార్టీల్లో ఒకే గ్లాసు పట్టుకుని మూల నిలబడే రకం. అందుకని నాకు తెలిసిన పద్ధతిలోనే దిగాను. సంబంధం వచ్చినప్పుడు ఏం వాకబు చేస్తాం? ఇంటిపేరు, వయసు, రంగు, గుణం. మీ బయోడేటా సీసా మీద సగం, డబ్బా మీద సగం అచ్చయి ఉంది. చదవడానికే ఓ పూట పట్టింది.

ముందు ఇంటిపేరు. మీలో బోలెడు మందిది 'గ్లెన్'. స్కాట్లండ్ పాత భాష గేలిక్‌లో లోయ అని అర్థం. గ్లెన్‌ఫిడిక్ అంటే జింకల లోయ. బాగుంది. కానీ రాత ప్రకారం చివర 'చ్' రావాలి, మీవాళ్లు 'క్' అంటారు. స్కాట్లండ్‌లోని ఐలా (Islay) దీవి పేరు మధ్యలో ఒక 'ఎస్' ఎవరికీ వినపడకుండా కూర్చుంది. అదే దీవికి చెందిన బునహావెన్ గారి పేరులో సగం అక్షరాలు పెళ్లికి భోజనానికి మాత్రం వచ్చిన చుట్టాల్లాంటివి. రాసింది రాసినట్టు చదివే భాషలో పుట్టినవాణ్ణి, పలకలేక వేలు పెట్టి చూపించాను. షాపతను నవ్వినా బాగుండేది. జాలిపడ్డాడు.

ఇంటిపేర్ల విషయంలో మీ చరిత్ర కూడా నాకు తెలిసింది లెండి. 1824లో జార్జ్ స్మిత్ అనే ఆయన లివెట్ లోయలో లైసెన్సు తీసుకుని విస్కీ కాయడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల దొంగచాటుగా కాసేవాళ్లు చంపుతామని బెదిరిస్తే రెండు పిస్తోళ్లు దగ్గర పెట్టుకు తిరిగాడట. తీరా ఆ సరుక్కి పేరొచ్చాక, ఆ లోయ మొహం చూడని వాళ్లు కూడా తమ పేర్ల చివర గ్లెన్‌లివెట్ తగిలించుకున్నారు. స్కాట్లండ్‌లో అన్నిటికన్నా పొడుగు లోయ ఇదే అని జనం ఎగతాళి చేసేదాకా వెళ్లింది. చివరికి 1884లో తగువు తేలి, 'ది గ్లెన్‌లివెట్' అన్న పేరు స్మిత్ వాళ్లకే దక్కింది. మిగతావాళ్లు మధ్యలో అడ్డగీత పెట్టుకుని చుట్టరికం కలుపుకోవచ్చన్నారు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల వాసన అని మావాళ్లు ఊరికే అనలేదు.

ఇక మీరు 'సింగిల్' అన్న మాట. మా బాబాయి ఒకే పీపాలోంచి తీసిన సరుకు అనుకుంటున్నాడు. మొన్నటిదాకా నేనూ అదే అనుకున్నా. తీరా చూస్తే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో కాసినది అని మాత్రమే అర్థం. లోపల ఎన్ని పీపాల సరుకైనా కలిసి ఉండొచ్చు. ఒక్క పీపా అయితే సింగిల్ కాస్క్ అంటారు. అంటే ఇంటి నిండా ఉమ్మడి కుటుంబాన్ని పెట్టుకుని, గుమ్మం మీద 'సింగిల్' అని బోర్డు కట్టారన్నమాట.

వయసు దగ్గర మాత్రం మీకు దండం పెట్టాలి. స్కాట్లండ్‌లోనే ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు మగ్గకపోతే మిమ్మల్ని స్కాచ్ అననివ్వరు. లేబుల్ మీద 12 అని ఉంటే, కలిపినవాటిలో అందరికన్నా చిన్నదాని వయసు 12 ఏళ్లు. ముప్ఫయ్యేళ్ల సరుకులో ఒక చెంచాడు మూడేళ్లది పడిందా, మూడనే రాయాలి. పెళ్లిసంబంధాల్లో ఇంత నిజాయితీ నేనైతే చూడలేదు. అయితే ఈమధ్య మీలో కొందరు వయసే రాయడం మానేసి, ఎవరికీ అర్థం కాని గేలిక్ పేరొకటి పెట్టుకు తిరుగుతున్నారు. అలాంటి సంబంధాలు వస్తే మా పిన్ని ఏమనేదో ఇక్కడ రాయను.

ఆపైన అమెరికా రిటర్న్‌డ్! డబ్బా మీద ఎంత ఘనంగా వేసుకున్నారో. అసలు సంగతేమిటంటే, బర్బన్ విస్కీని కొత్త ఓక్ పీపాల్లోనే మగ్గబెట్టాలని అమెరికాలో చట్టం. ఒకసారి వాడాక వాళ్లకవి బర్బన్‌కి పనికిరావు. ఆ ఖాళీ పీపాలు ఓడెక్కి మీ దగ్గరికొస్తాయి. అమెరికా వెళ్లొచ్చింది పీపా, గొప్ప మీది.

రంగు చూసి మోసపోయేవాణ్ణే. ముదురు తేనెరంగులో ఉన్నది పాతది, లేతగా ఉన్నది కుర్రది అనుకున్నా. మీలో నీళ్లతోపాటు కారమెల్ రంగు కలుపుకోవడానికి చట్టమే ఒప్పుకుంటుందని తర్వాత తెలిసింది. జర్మనీలో అమ్మితే రంగు కలిపామని లేబుల్ మీద రాయాలట. పుట్టింట్లో ఆ అవసరం లేదు. పెళ్లిచూపుల ముందు రెండు పొరలు పౌడరు కొట్టుకొచ్చినవాళ్లు, సహజంగానే ఆ మాట ఎత్తరు.

గుణం దగ్గరికొచ్చేసరికి నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. క్రిస్మస్ కేకు, పాత తోలు, సముద్రపు నాచు, బ్యాండేజీ అని ఉంది డబ్బా మీది రుచుల జాబితాలో. ఇందులో సగం నేను తినలేదు, మిగతా సగం ఎవరూ తినరు. షాపతను "పీట్ ఇష్టమేనా?" అని అడిగితే పీటరో ఎవరో అనుకున్నా.

అప్పుడు మిమ్మల్ని వదిలేసి పక్కవీధి పబ్బుకి వెళ్లాను. అక్కడ ఒక కొలత 25 మిల్లీలీటర్లు, మన చిన్న పెగ్గుకన్నా తక్కువ. ఒక సాయంత్రమంతా కూర్చుని మూడు రకాలు చూశాను. లోయ తరఫువాడు తియ్యగా, మర్యాదగా ఉన్నాడు. షెర్రీ అనే స్పెయిన్ వైను పీపాలో పెరిగినవాడిది ఎండుఖర్జూరం, తాటిబెల్లం వాసన. ఐలా నుంచి వచ్చినవాణ్ణి ముక్కు దగ్గర పెట్టుకోగానే మా అమ్మమ్మ ఊళ్లో తేగలు తంపటేసిన రోజు గుర్తొచ్చింది. పీట్ అంటే తడినేలల్లో వేల ఏళ్లుగా పేరుకున్న నాచు. దాన్ని తవ్వి ఎండబెట్టి, ఆ పొగలో బార్లీని ఆరబెడతారు. ఆ తేగల మాట మీ డబ్బా మీద ఎక్కడా లేదేం?

రెండు చుక్కల నీళ్లు వేసుకుంటుంటే పక్క బల్లాయన అదోలా చూశాడు. మీరు పీపాలోకి దిగేటప్పుడు మామూలుగా 63 శాతం పైన ఆల్కహాల్‌తో ఉంటారు. చాలామంది సీసాకెక్కేది 40 దగ్గర. అన్ని నీళ్లు మీరు పోసుకుంటే సంప్రదాయం, నా రెండు చుక్కలు పాపమా?

సరే, ఆ లోయ అబ్బాయినే ఖాయం చేశాం, 12 ఏళ్లవాణ్ణి. ఐలా అబ్బాయి నాకు నచ్చాడు గానీ, సోడా కొట్టే మా బాబాయి చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. ఖాళీ అయ్యాక మీకు ఫ్రిజ్‌లో నీళ్లసీసా ఉద్యోగమో, షోకేసు మీద మనీప్లాంట్ ఉద్యోగమో గ్యారంటీ. డబ్బాలోకి కందిపప్పు.

రాత్రి పిన్ని ఫోన్ చేసింది. ఆవిడకు తెలిసిన మాల్ట్ రాగి మాల్ట్. గింజలు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టడం దాకా మీదీ దానిదీ ఒకే దారి కాబట్టి ఆవిడను తప్పుపట్టలేను.

"మీ బాబాయికి మాల్ట్ తెస్తున్నావటగా. షుగర్‌కి మంచిదన్నాడు. పాలల్లో కలపాలా, నీళ్లల్లోనా?"

"నీళ్లే పిన్నీ," అన్నాను. "రెండు చుక్కలు."

ఇట్లు,
వాకబుకి వచ్చినవాడు