పక్కింటి పిల్లలు ఎత్తు పెరుగుతున్నారు

తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆంధ్రప్రదేశ్‌లో 31 మంది. దేశం మొత్తం చూస్తే 35 మందికి పైనే. ఇవి 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు, అంటే మన సర్కారు సొంత లెక్కలే. ఇప్పుడు సరిహద్దు దాటి చూడండి. బంగ్లాదేశ్‌లో 2022 సర్వే ప్రకారం అలా గిడసబారిన పిల్లలు నూటికి 24 మంది. 2007లో అక్కడ ఈ సంఖ్య 43. రెండు దేశాల సర్వేలకు మధ్య ఒకటి రెండేళ్ల తేడా ఉన్నమాట నిజమే, కానీ ఆ తేడా చెప్పి సర్దుకోగలిగినంత చిన్న దూరం కాదిది.

బంగ్లాదేశ్ పేరు మన ఇళ్లల్లో వినిపించేది క్రికెట్ మ్యాచ్ ఉన్నప్పుడో, ఎన్నికల సభల్లో చొరబాటుదారుల మాట వచ్చినప్పుడో. 2020 అక్టోబరులో మాత్రం వేరే కారణంతో మారుమోగింది. తలసరి జీడీపీలో బంగ్లాదేశ్ ఆ ఏడాది 1,888 డాలర్లకు చేరి, 1,877 డాలర్ల దగ్గరున్న మనల్ని దాటేస్తుందని అంతర్జాతీయ ద్రవ్యనిధి అంచనా వేసింది. కోవిడ్ దెబ్బకి మన ఆదాయం కుప్పకూలిన ఏడాది అది. టీవీల్లో ఒకటే రచ్చ. తర్వాత మనం కోలుకున్నాం, 2024కి రెండు దేశాలూ 2,600, 2,700 డాలర్ల దగ్గర అటూ ఇటూగా ఉన్నాయి, రచ్చా చల్లారింది. ఆ పదకొండు డాలర్ల గురించి అంత టెన్షన్ పడ్డ మనం, పిల్లల ఎత్తు గురించి ఒక్క సాయంత్రమైనా చర్చ పెట్టుకోలేదు. మా పత్రికకూ ఈ తప్పులో వాటా ఉంది.

మనల్ని మనం కించపరుచుకోవాలని ఇది రాయడం లేదు. మన ఆర్థిక వ్యవస్థ వాళ్లదానికి ఎనిమిది రెట్లకు పైనే. మనం మందులు చేస్తాం, సాఫ్ట్‌వేర్ అమ్ముతాం, చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగాం. వాళ్ల ఎగుమతుల్లో నూటికి 80 వంతులకు పైగా ఒక్క బట్టలే, రేపు అమెరికా, యూరప్ దుకాణాలు ఆర్డర్లు తగ్గిస్తే దేశమంతా ఊగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, మన దగ్గర ప్రభుత్వాలు ఓటుతో వస్తాయి, ఓటుతో పోతాయి. ఇన్ని ఉన్న మనకన్నా, ఇన్ని లేని వాళ్ల పిల్లలు ఎందుకు మెరుగ్గా ఎదుగుతున్నారు? అడగాల్సింది ఇదే.

మన ఆంధ్రప్రదేశ్ కన్నా కాస్త చిన్న నేల అది. ఇక్కడ ఐదు కోట్ల మంది ఉంటే అక్కడ 17 కోట్ల మంది. ఆ నేలలో చాలా భాగం నదులు పారే లోతట్టు, తుపాను లేస్తే తప్పించుకునే గుట్ట కూడా ఉండదు. 1970 నవంబరు తుపానులో అక్కడ మూడు లక్షల మందికి పైగా చనిపోయారు. ఏడేళ్లకి అదే సముద్రం మన దివిసీమ మీద పడింది, ఆ బాధ ఏంటో కృష్ణా జిల్లావాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. బంగ్లాదేశ్ ఆ తర్వాత చేసింది చాలా సాదా పని. ఊరూరా వాలంటీర్లను పెట్టింది, వాళ్ల చేతికి మెగాఫోన్, సైరన్, జెండాలు ఇచ్చింది. ఒక జెండా ఎగిరితే జాగ్రత్త, మూడు ఎగిరితే షెల్టర్‌కి కదలాలి. 1991 తుపానులో మళ్లీ లక్షా ముప్పై వేల మందికి పైగా పోయారు, వాళ్లలో ఆడవాళ్లే చాలా ఎక్కువ, ఇల్లు వదిలి పరాయి మగవాళ్లున్న షెల్టర్‌కి వెళ్లడానికి వెనకాడి పోయినవాళ్లు ఎందరో. దాంతో వాలంటీర్లలో ఆడవాళ్లను పెంచుతూ వచ్చారు, ఇప్పుడు 76 వేల మందిలో సగం వాళ్లే. తలుపు తట్టి "రా అమ్మా, నేనూ వస్తున్నా" అనే ఆడమనిషి ఉంటే ఆ ఇంటి కోడలు బయటికి వస్తుంది. 2020లో ఆంఫన్ వచ్చినప్పుడు 20 లక్షల మందికి పైగా జనాన్ని తరలించారు, చనిపోయినవాళ్లు పదుల్లోనే ఉన్నారు.

ఆ దేశంలో ఏ మార్పు చూసినా ఇలాగే ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషి గడప దాకా నడిచి వెళ్లడం కనిపిస్తుంది. ఓఆర్ఎస్ కథ చూడండి, దాంట్లో మనవాళ్లూ ఉన్నారు. 1971 బంగ్లాదేశ్ విమోచన యుద్ధంలో శరణార్థులు కోటి మంది దాకా మన దేశంలోకి వచ్చినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా కమ్మేసింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అక్కడి డాక్టర్ దిలీప్ మహలనబిస్, ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి, బంధువుల చేతే రోగులకు తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి. 2023లో, ఆయన పోయాక, పద్మవిభూషణ్ ఇచ్చాం.

ఆ వైద్యాన్ని ఇంటింటికీ తీసుకెళ్లింది మాత్రం బంగ్లాదేశ్. ఫజ్లే హసన్ అబేద్ పెట్టిన బ్రాక్ సంస్థ 1980లో పల్లెల్లోకి ఆడ కార్యకర్తలను పంపింది. ప్యాకెట్లు పంచే డబ్బు లేదు, అందుకని ఇంట్లో ఉన్న వాటితోనే చేయడం నేర్పారు: మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. నెల రోజుల తర్వాత ఇంకో మనిషి వచ్చి కొందరు తల్లులను అడిగేవాడు, ఏమేం గుర్తుంది, కలిపి చూపించు అని. ఆ తల్లికి ఎంత గుర్తుంటే నేర్పిన కార్యకర్తకు అంత జీతం. పదేళ్లలో కోటీ ఇరవై లక్షల ఇళ్లు తిరిగారు. సభలు, ఫ్లెక్సీలు, ప్రారంభోత్సవాలు చూసీ చూసీ అలవాటైపోయిన మనకు ఈ జీతం లెక్క దగ్గర కాసేపు ఆగి ఆలోచించాలనిపిస్తుంది. మన 2019-21 సర్వేలో విరేచనాలైన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది 60 శాతం మందికే. పెద్ద ఎత్తున రుజువైంది మన శిబిరంలోనే కదా ఆ వైద్యం!

ఇంకొన్ని చకచకా చెప్పుకుందాం. పల్లెటూరి ఆడపిల్లలు హైస్కూలుకి వస్తే నేరుగా డబ్బిచ్చే పథకాన్ని 1994లోనే దేశమంతా పెట్టారు. కుటుంబ నియంత్రణ సాయం గడప దగ్గరికే తెచ్చారు, 1970ల మొదట్లో ఒక్కో తల్లికి ఏడుగురు పిల్లల దాకా ఉంటే ఇప్పుడు ఇద్దరి దగ్గరికి వచ్చింది. 2015 నాటికే ఆరుబయటికి వెళ్లే అలవాటు దాదాపు పోయింది. మనం స్వచ్ఛ భారత్ మొదలుపెట్టి అప్పటికి ఏడాదే.

ఇక గార్మెంట్స్. 1979లో దేశ్ అనే ఢాకా కంపెనీ, కొరియా దేశపు దేవూతో ఒప్పందం చేసుకుని 130 మందిని ఆరు నెలలు కుట్టుపని నేర్చుకోవడానికి బుసాన్ పంపింది. తిరిగొచ్చిన వాళ్లలో 115 మంది కొన్నేళ్లలోనే బయటికొచ్చేసి సొంత ఫ్యాక్టరీలు పెట్టారు, లేదా పెట్టేవాళ్ల దగ్గర చేరారు. సర్కారు రెండు పనులు చేసింది. ఎగుమతి ఆర్డరు కాగితం చూపిస్తే చాలు, దాని మీదే గుడ్డ కొనడానికి బ్యాంకు అప్పు పుట్టేలా చూసింది, ఆ గుడ్డ మీద దిగుమతి సుంకం తీసేసింది. చేతిలో పెద్దగా డబ్బు లేనివాడు కూడా మిషన్లు పెట్టగలిగాడు. సరిగ్గా ఆ కాలంలో మనం రెడీమేడ్ బట్టలను చిన్న పరిశ్రమలకే కేటాయించి పెట్టుకున్నాం, 2000 దాకా ఆ నిబంధన ఎత్తలేదు. మన పత్తి, మన నూలు అక్కడికి వెళ్లి చొక్కాలై, మన మాల్స్‌కే తిరిగొస్తున్నాయి.

అక్కడ 40 లక్షల మంది ఆ షెడ్లలో పనిచేస్తున్నారు, ఎక్కువ మంది ఆడవాళ్లే. జీతం చిన్నది, కానీ చేతికొచ్చే జీతం. ఫ్యాక్టరీలు దగ్గరున్న ఊళ్లలో ఆడపిల్లలు ఎక్కువ రోజులు చదువుతున్నారని, పెళ్లి ఆలస్యంగా చేసుకుంటున్నారని పరిశోధకులు తేల్చారు. మన దగ్గర ఇది ఎలా ఉంటుందో చూడాలంటే అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం వెళ్లండి. బ్రాండిక్స్ బట్టల ఫ్యాక్టరీల్లో షిఫ్టు వదిలే వేళకి వరసగా నిలబడ్డ బస్సులు, టిఫిన్ బాక్సు సంచులతో ఊరి పేరు వెతుక్కుంటూ ఎక్కే అమ్మాయిలు కనిపిస్తారు. అలాంటి గేట్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంత రాశాక రెండో వైపు రాయకపోతే అబద్ధం చెప్పినట్టే. 2013 ఏప్రిల్ 23న ఢాకా దగ్గర సావర్‌లోని రానా ప్లాజా భవనం గోడలు బీటలు వారాయి. కింద ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పైనున్న కుట్టు ఫ్యాక్టరీలవాళ్లు మాత్రం మర్నాడు పొద్దున్నే కార్మికులను బలవంతంగా లోపలికి పంపారు. ఎనిమిది అంతస్తులూ కూలాయి, 1,100 మందికి పైగా చనిపోయారు. పదేళ్ల తర్వాత, 2023లో, నెలకి 23 వేల టాకాలు కావాలని కార్మికులు రోడ్డెక్కితే దక్కింది 12,500, ఆ గొడవల్లో ప్రాణాలూ పోయాయి. బాల్యవివాహాల్లో వాళ్లు మనకన్నా చాలా వెనక: 2019 సర్వేలో, 20-24 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లైపోయింది. మన దేశంలో అది 23 శాతం (ఆంధ్రప్రదేశ్‌లో 29, దీని గురించి విడిగా రాస్తాం).

అన్నిటికన్నా పెద్ద దెబ్బ 2024 జులైలో తగిలింది. పదిహేనేళ్లు వరసగా అధికారంలో ఉన్న షేక్ హసీనా ప్రభుత్వం వృద్ధి రేటు చూపించి ఎన్నికలను పేరుకే మిగిల్చింది. చదువుకున్న పిల్లలకు ఉద్యోగాలు లేవు, సర్కారు కొలువు ఒక్కటే ఆశ, అందులో 30 శాతం 1971 విమోచన యోధుల కుటుంబాలకు కోటా. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే కుర్రాళ్లకు ఆ కోపం ఇట్టే అర్థమవుతుంది. జులై 16న రంగపూర్‌లో రెండు చేతులూ చాచి పోలీసుల ముందు నిలబడ్డ విద్యార్థిని కాల్చేశారు. ఆ అల్లర్లలో 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పింది. ఆగస్టు 5న హసీనా దేశం విడిచి మన దేశానికొచ్చారు. ఆ తర్వాతి రోజుల్లో హిందువుల ఇళ్ల మీద, గుళ్ల మీద దాడులు జరిగాయి, వాటిని ఏ వాదంతోనూ కప్పిపుచ్చలేం. తలుపు తట్టి ఓఆర్ఎస్ నేర్పిన దేశంలోనే ఇవన్నీ జరిగాయి. పిల్లల ఆరోగ్యం బాగుపడినంత మాత్రాన, నోరు కట్టేసిన సమాజం ప్రశాంతంగా ఉండదు. అక్కడి నుంచి నేర్చుకునేటప్పుడు ఈ సగాన్ని వదిలేసి నేర్చుకోకూడదు.

అక్కడి నుంచి తెచ్చుకున్నదాన్ని పాడుచేసుకున్న అనుభవమూ మనకుంది. మహమ్మద్ యూనుస్ గ్రామీణ బ్యాంకు నమూనా చూసి మన దగ్గర సూక్ష్మ రుణాల కంపెనీలు పుట్టాయి. అక్కడ అప్పు తీసుకున్న ఆడవాళ్లవే ఆ బ్యాంకులో ఎక్కువ వాటాలు. ఇక్కడ లాభాల కోసం నడిచే కంపెనీలు నాలుగైదు కలిసి ఒకే మనిషికి అప్పు మీద అప్పు ఇచ్చాయి. వారం వారం కిస్తీ, కట్టలేకపోతే గ్రూపులోని తోటి ఆడవాళ్ల చేతే ఇంటి ముందు కూర్చోబెట్టించడం. ఆత్మహత్యల దాకా వెళ్లాక 2010 అక్టోబరులో ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. మన పొదుపు సంఘాలు ఆ దెబ్బని తట్టుకుని నిలబడ్డాయి. గడప గడపకీ వెళ్లగలిగిన ఆడవాళ్ల బలగం మనకీ ఉంది, ఆ బలగాన్ని వాడుకునేది మాత్రం సభలకి జనాన్ని తోలడానికి.

తెలంగాణ తలసరి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల రూపాయలు దాటింది, అంటే బంగ్లాదేశ్‌కన్నా చాలా ఎక్కువ. అయినా ఇక్కడి పిల్లలు అక్కడి పిల్లలకన్నా గిడసబారి ఉన్నారు. రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లలో నూటికి 58, 59 మందికి రక్తహీనత. డబ్బు లేక ఇలా ఉందని ఎవరైనా చెబితే మేం నమ్మం. మీ ఊరి అంగన్‌వాడీకి ఒకసారి వెళ్లి చూడండి. బాలామృతం ప్యాకెట్లు, గుడ్ల ట్రేలు, ఎత్తు కొలిచే కర్ర ఉంటాయి. టీచరమ్మ ఒక చేత్తో ఫోన్ యాప్‌లో వివరాలు ఎక్కిస్తూ, ఇంకో చేత్తో ఏడ్చే పిల్లాణ్ని నిలబెట్టి కొలుస్తూ ఉంటుంది. ఆ కొలత యాప్‌లోకి వెళ్తుంది, తల్లికి ఎవరూ చెప్పరు. ఆమె ఇంటికి వెళ్లి, ఏం పెడుతున్నావమ్మా, ఎన్నిసార్లు పెడుతున్నావు అని కూర్చుని మాట్లాడే తీరిక ఆ టీచరుకి మనం మిగల్చలేదు. సర్వే డ్యూటీలు, రిజిస్టర్లు, మీటింగులు, వాటి మీద చాలీచాలని జీతం.

మేం అడిగేది ఇది. అంగన్‌వాడీ టీచర్ల మీద వేసిన ఇతర పనులన్నీ తీసేయండి, ఇల్లిల్లూ తిరగడాన్నే వాళ్ల మొదటి పని చేసి దానికి తగ్గ జీతం ఇవ్వండి. ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలకు భూమి ఇచ్చేటప్పుడే హాస్టలు, బస్సు, పిల్లల్ని వదిలిపెట్టే క్రెష్ షరతుగా పెట్టండి, ఆ భవనం గట్టిదో కాదో చూసే ఇన్‌స్పెక్టర్‌ను కూడా పంపండి. ప్రతి మండలంలో పిల్లల ఎత్తు లెక్కను ఆరు నెలలకోసారి పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి. వచ్చే బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రులిద్దరూ తలసరి ఆదాయం అంకె చదివాక, దాని వెంటే ఆ లెక్క కూడా సభలో చదవాలి.