పాత బోటు కొన్నారా? బ్యాటరీ మార్చే ముందు నెగటివ్ వైరు చూడండి

వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు, సెకండ్ హ్యాండ్ బోటు కొని రిపేర్లు చేయించేవాళ్లు మొదట పెట్టే ఖర్చు కొత్త బ్యాటరీ. చాలాసార్లు అది దండగ.

వీహెచ్‌ఎఫ్ సెట్టునే, అంటే బోటులో మాట్లాడుకునే రేడియోనే చూడండి. అవతలివాళ్ల మాట శుభ్రంగా వినిపిస్తుంది, మనం మైకు నొక్కగానే స్క్రీను ఆరిపోతుంది. సెట్టు పోయిందంటారు. పోలేదు. వినేటప్పుడు అది ఒక ఆంపియరు కూడా లాగదు, 25 వాట్లలో మాట్లాడితే 5, 6 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి సెట్టుకొచ్చే దారిలో చిలుము పట్టిన జాయింటు ఒక్కటుంటే వోల్టేజీ అక్కడే పోతుంది. లోడు లేకుండా, అంటే మైకు నొక్కకుండా మీటరు పెడితే మాత్రం అదే వైరు 12.6 చూపిస్తుంది.

అందుకే లోడు మీదే కొలవాలి. మల్టీమీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబు బ్యాటరీ నెగటివ్ పోలు మీద ఆనించండి. పోలుకి వైరు బిగించే క్లాంపు మీద కాదు, సీసం పోలు మీదే. రెండోది సెట్టు దగ్గర నెగటివ్ వైరుకి. ఇంకొకరు మైకు నొక్కాలి (ఆపదలో పిలిచే 16వ ఛానెల్లో వద్దు, ఖాళీ ఛానెల్లో). పాజిటివ్ వైపూ ఇంతే. మీటరు చూపేది దారిలో పోయిన వోల్టేజీ; రెండు వైపులా కలిపి అది 0.36 వోల్టు, అంటే 12లో 3 శాతం, దాటకూడదు. దాటితే రెండో ప్రోబును ఒక్కో జాయింటూ దాటిస్తూ బ్యాటరీ వైపు రండి. రీడింగు ఎక్కడ ఒక్కసారిగా తగ్గిందో జబ్బు అక్కడుంది. మైకు నొక్కినప్పుడు బ్యాటరీ పోళ్ల మీదే 12 కిందకి జారితే అప్పుడు బ్యాటరీని అనుమానించండి, అదీ ఫుల్ ఛార్జి చేశాకే.

ఆ జాయింటు టేపు విప్పితే పైకి బిగుతుగానే ఉంటుంది, లోపల రాగి పోగులు పచ్చగా పొడై వేళ్లకి అంటుకుంటాయి. ఉప్పునీరు పోగుల మధ్యనుంచి పాకి జానెడు దూరం నల్లబరుస్తుంది. ఆ నల్ల రాగికే మళ్లీ మెలితిప్పి టేపు చుట్టొద్దు. మెరిసే రాగి వచ్చేదాకా కోయండి, రాకపోతే వైరే మార్చండి.

ఇళ్లకి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు బోటులో వేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. బ్యాటరీ నుంచి సెట్టుకి 6 మీటర్లుంటే రానూపోనూ 12. జాయింట్లన్నీ కొత్తవైనా 5 ఆంపియర్లకి ఆ వైరే 0.8 వోల్టు తినేస్తుంది. 4 చదరపు మిల్లీమీటర్లదైతే 0.3. తగరం పూత ఉన్న సన్నపోగుల వైరు, క్రింప్ చేసిన (నొక్కి బిగించిన) లగ్గు, అంటే వైరు చివరి లోహపు తొడుగు, లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేయించండి.

ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టడం మాత్రం క్షమించరానిది. షార్టయితే ఆ తీగ తెగదు, వైరు కాలుతుంది, కిందేమో డీజిలు. సెట్టు లైనుకి 10 ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి. బోటు అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపుకి, నీళ్లు పెరిగితే దానంతటదే పంపు వేసే ఫ్లోట్ స్విచ్ ఉంటుంది. ఆ లైను మెయిన్ స్విచ్ గుండా పోకూడదు. పంపు మీద రాసున్న ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలపాలి. మెయిన్ ఆపేసి అందరూ ఇంటికెళ్లాక బోటులో నీళ్లు తోడేది అదొక్కటే.