థర్మాకోల్ రైలు

ఫొటోలో పడని పాఠం చెప్పినట్టు లెక్క కాదట. ఈ సంగతి తెలియక ఇన్నేళ్లుగా ఏడో తరగతికి లెక్కలు చెప్పేస్తున్నాను.

2020 జాతీయ విద్యా విధానం ప్రకారం టీచరుకు ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలి. మంచిదే, ఎవరు కాదన్నారు? మొన్న మండల కేంద్రంలో మూడు రోజులు కూర్చున్నాం. "ఉపన్యాస పద్ధతి మానండి" అని శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్, అదే ఆర్పీ గారు, స్లైడు చూసి రెండు గంటలు ఉపన్యసించారు. పూర్ణసంఖ్యలకు ఆయన ఇచ్చిన ఐడియా థర్మాకోల్ రైలు. నడుమ సున్నా స్టేషను, కుడివైపు ధన బోగీలు, ఎడమవైపు రుణ బోగీలు.

"సార్, మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తుందో ఈ రైల్లో ఎలా చూపించాలి?" అన్నాను.

"పోస్ట్ టెస్ట్ లింకొచ్చింది మాస్టారూ, ముందది నొక్కండి." లింకు కన్నా ముందే జవాబులు వాట్సాప్‌కి వచ్చేశాయి.

మా క్లాసులో ఒకమ్మాయి బ్యాగులో పుస్తకాల కన్నా అష్టాచెమ్మా చింతపిక్కలే ఎక్కువ. ఒకవైపు తెల్లగా అరగదీసినవి. తెలుపు ప్లస్, నలుపు మైనస్ అనుకున్నాం. ఆరు తెల్లవి, ఆరు నల్లవి పెడితే విలువ సున్నా. అందులోంచి రెండేసి నల్లవి మూడుసార్లు తీసేశాం, అంటే మైనస్ రెండుని మైనస్ మూడుతో గుణించినట్టే. ఆరు తెల్లవి మిగిలాయి. "అంటే అప్పు కొట్టేస్తే లాభమేగా సార్!" అంది. ఆ ముక్క మూడు రోజుల్లో ఒక్క స్లైడులోనూ లేదు.

ఫొటో పంపాను. పైనుంచి జవాబు: "టీఎల్ఎం కనబడుట లేదు. మరల అప్‌లోడ్ చేయగలరు."

టీఎల్ఎం అంటే బోధనోపకరణం. చింతపిక్క చిన్నది, తప్పు దానిదే. మర్నాడు రైలు కట్టాం. బోగీకొకరు పట్టుకున్నారు. ఫ్యాను వేస్తే రుణ నాలుగు ఎగిరి కిటికీలోంచి పోయింది. ఫ్యాను ఆపితే సున్నాకి చెమట పట్టి స్కెచ్ పెన్ను రంగు కారింది. ఫొటో తీస్తే లొకేషన్ పడలేదు. మా బడిలో సిగ్నల్ వేపచెట్టు కిందే ఉంటుంది కాబట్టి రైలు మొత్తం, ఇంజను ముందు, నేను వెనక గార్డులా, చెట్టు కిందికి నడిచాం. అక్కడ ఆరో తరగతి వాళ్లు పట్టాలకు అడ్డం కూర్చుని అన్నం తింటున్నారు. వాళ్లని లేపి, "నవ్వండ్రా" అని క్లిక్ మనిపించాను. అయిదు నిమిషాల్లో చప్పట్ల బొమ్మతో మెసేజ్: "బెస్ట్ ప్రాక్టీస్."

జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనికి టీచర్లను వాడకూడదని 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. గుడ్ల లెక్క, మరుగుదొడ్డి ఫొటో, ఈ రైలు... ఇవన్నీ విపత్తు కిందికి వస్తాయనుకుంటా. నిజానికి వస్తాయి కూడా. ఎందుకంటే కిటికీ పక్కన కూర్చునే కుర్రాడికి ఇప్పటికీ పదుల నుంచి అప్పు తెచ్చుకునే తీసివేత రాదు. వాడు చెయ్యెత్తడు, అడగడు, నేను పక్కన కూర్చుంటేనే పలక మీద గీస్తాడు. ఆ పీరియడ్ వాడికోసం దాచుకున్నది. దాన్ని తినేసి చప్పట్ల బొమ్మ పంపిస్తారా? సిగ్గుండాలి. ఆ నలభై అయిదు నిమిషాలు ఏ లింకులో అప్‌లోడ్ చేసి వాడికి తిరిగిస్తారు?

రైలు ఇప్పుడు ఆఫీసు రూంలో బీరువా మీదుంది. తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించాలట. రుణ నాలుగు బోగీ ఇంకా దొరకలేదు.