శిశిర్ బోస్ ఉత్తరాలు విప్పింది ఎవరు?

మా ఇంట్లో ఇన్‌లాండ్ లెటర్ ఎవరి పేరున వస్తే వాళ్లే అంచు చింపాలి. చిన్నప్పుడు ఒకసారి అక్కకొచ్చిన ఉత్తరం నేను విప్పేశాను. అమ్మ చెంప ఛెళ్లుమనిపించింది. నేతాజీ కుటుంబం మీద పెట్టిన నిఘా గురించి చదివినప్పుడల్లా నాకు ఆ దెబ్బ గుర్తొస్తుంది.

1941 జనవరి 16. అర్ధరాత్రి దాటాక కలకత్తా ఎల్గిన్ రోడ్డు ఇంట్లోంచి ఒక వాండరర్ కారు బయల్దేరింది. లోపల ముస్లిం పెద్దమనిషి వేషంలో సుభాష్ చంద్రబోస్. ఇంటి చుట్టూ మఫ్టీ పోలీసుల కాపలా. బండి నడుపుతున్నది ఆయన అన్న శరత్ బోస్ కొడుకు శిశిర్, ఇరవై ఏళ్ల మెడికల్ స్టూడెంట్. పోలీసుల కళ్లు కప్పి బాబాయిని గోమో స్టేషన్‌లో రైలెక్కించాడు. తర్వాత బ్రిటిష్ వాళ్లు శిశిర్‌ని జైల్లో కూడా పెట్టారు. సరే, అది పరాయి ప్రభుత్వం.

మరి 1948 నుంచి 1968 దాకా అదే శిశిర్ మీద, ఆయన అన్న అమియనాథ్ మీద నిఘా పెట్టింది ఎవరు? మన ఇంటెలిజెన్స్ వాళ్లే. 2015లో బయటపడ్డ ఫైళ్లలో అంతా ఉంది. ఉత్తరాలు మధ్యలోనే విప్పి కాపీలు తీసుకున్నారు. వియన్నాలో ఉన్న పిన్ని, అంటే సుభాష్ భార్య ఎమిలీకి శిశిర్ రాసిన ఉత్తరాన్ని కూడా వదల్లేదు. ఒక ఇంటి కొడుకు పిన్నికి రాసుకున్న మాటలవి! అందులో దేశానికి వచ్చిన ముప్పేమిటో ఎవరైనా నాకు చెప్పండి.

ఈ మాట ఎత్తగానే నెహ్రూని తిట్టేవాళ్లు ఒకవైపు, వెనకేసుకొచ్చేవాళ్లు ఒకవైపు తయారవుతారు. ఆ ఇరవై ఏళ్లలో ఆయన తర్వాత శాస్త్రి వచ్చారు, ఇందిర వచ్చారు. నిఘా మాత్రం ఆగలేదు. నా కోపం ఆ యంత్రం మీద. తెల్లవాళ్లు వదిలిపోయిన అలవాటు మనకి అంత సులువుగా ఎలా అబ్బింది?

ఉత్తరాలు ఆపి విప్పే అధికారం 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోనే ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ చట్టాన్నే ఉంచుకున్నాం. చివరికి 2023లో కొత్త చట్టం తెచ్చాం. దాని తొమ్మిదో సెక్షన్ చదవండి, ఆ అధికారం అందులోనూ ఉంది. నేనడిగేది ఇదే: విప్పే ముందు ఒక జడ్జి అనుమతి ఉండాలి. కొన్నేళ్ల తర్వాతైనా ‘మీ ఉత్తరాలు చదివాం’ అని ఆ మనిషికి చెప్పాలి. శిశిర్ బోస్ 2000లోనే పోయారు. ఆ ఫైళ్లు జనం చూసింది 2015లో.